కూర్చునే చోటు

హైదరాబాదులో నల్లకుంట కూరగాయల మార్కెట్ దగ్గర మొదలుపెట్టి, ఉస్మానియా క్యాంపస్ మీదుగా తార్నాక దాకా నడిచాను. బస్టాపులు, ఆసుపత్రి వరండాలు, వెయిటింగ్ హాళ్లు డిజైన్ చేసి గీయడం నా వృత్తి. ఈ దారిలో నేను చూడాలనుకున్నది ఒక్కటే: జేబులోంచి రూపాయి తీయకుండా మనిషి ఎక్కడ కూర్చోగలడు?

నల్లకుంట పాత సందుల్లో ఒకటీ అరా ఇళ్లకు ఇంకా అరుగులున్నాయి. మిగతాచోట్ల అరుగు తీసేసి కారెక్కడానికి ర్యాంపు పోశారు. ఒక దుకాణం గట్టు మీదైతే ఎవరూ కూర్చోకుండా మొనదేలిన ఇనుప చువ్వలు బిగించారు. దాని పక్కనే ఉన్న చాయ్ బండి ఆయన రెండు సిమెంటు ఇటుకల మీద నాపరాయి పలక వేశాడు. ఎందుకేశావని అడిగితే, ‘కూసుంటే ఇంకో చాయ్ చెప్తరు సార్’ అన్నాడు. చాయ్ తాగనివాళ్లు కూర్చుంటేనో? ‘కూసోనీ. పాపం, దవాఖానకొచ్చినోళ్లు.’ ఫీవర్ ఆసుపత్రి అక్కడికి దగ్గరే. వానాకాలం జ్వరాలు మొదలైతే ఈ వీధుల్లో రోగుల వెంట వచ్చినవాళ్లే ఎక్కువ కనిపిస్తారు. వాళ్లకు కావలసింది నీడ, మంచినీళ్లు, నడుం వాల్చే చోటు. ఆ పలక వేసినవాడు ఏ డిజైన్ కాలేజీలోనూ చదవలేదు గానీ, దాని ఎత్తు మోకాళ్లకు సరిగ్గా సరిపోయింది.

విద్యానగర్ దాటి, అడిక్‌మెట్ ఫ్లైఓవర్ ఎక్కి దిగితే క్యాంపస్. చెట్ల కింద విరిగిన బెంచీలు, ప్లాస్టిక్ కుర్చీలు, ఒళ్లో అట్ట పెట్టుకుని రాసుకునే పిల్లలు. గ్రూప్స్‌కి చదివేవాళ్లు, కానిస్టేబుల్ పరీక్షకు చదివేవాళ్లు, టీచర్ పోస్టుల కోసం చూస్తున్నవాళ్లు. ఒక అబ్బాయి కుర్చీని చెట్టు మొదలు వైపు తిప్పుకుని, దారికి వీపు పెట్టి కూర్చున్నాడు. ఫోనులో క్లాసు నడుస్తోంది. ఎండ పడితే తెర కనబడదు కాబట్టి నీడ జరిగినప్పుడల్లా కుర్చీ కూడా జరుగుతోంది.

‘లైబ్రరీలో సీటు లేదా తమ్ముడూ?’

‘ఉంటది సార్. ఈడైతే గాలొస్తది, ఎవల్నన్న డౌటడగొచ్చు.’

ఆ మాట నోట్‌బుక్కులో రాసుకున్నాను. చదువుకునే చోటంటే నిశ్శబ్దమే ఉండాలనుకుని మేం గదులు గీస్తాం. గాలి కావాలని, పక్కవాణ్ణి అడిగే వీలుండాలని ఆ అబ్బాయి కుర్చీ మోసుకొచ్చి మరీ చెబుతున్నాడు.

ఆర్ట్స్ కాలేజీ ముందు చాలాసేపు ఉండిపోయాను. 1918లో ఉర్దూ మాధ్యమంతో మొదలైన విశ్వవిద్యాలయం ఇది. భవనం ఎలా ఉండాలో తేల్చుకోవడానికి నిజాం ప్రభుత్వం జైన్ యార్ జంగ్‌, సయ్యద్ అలీ రజాలను దేశదేశాల విశ్వవిద్యాలయాలు చూసి రమ్మని పంపింది. గీసింది బెల్జియం వాస్తుశిల్పి ఎర్నెస్ట్ జాస్పర్. 1934లో శంకుస్థాపన, 1939 డిసెంబరులో ప్రారంభం. అందరూ ఆ గులాబి ఛాయ గ్రానైటు ముఖద్వారం వైపు తలెత్తి చూస్తారు. నాకు మాత్రం మెట్ల మీదే కన్ను. వెడల్పాటి ఈ మెట్లు ఊరందరి అరుగు. పై మెట్టు మీద జంట, కింద నలుగురు స్నేహితులు, ఒక మూల కునుకు తీస్తున్న పెద్దాయన. ఒకరికొకరు అడ్డం కాకుండా ఇంతమంది. 2009 చివర్లో తెలంగాణ ఉద్యమం ఉప్పెనలా లేచినప్పుడు విద్యార్థులు పోగైంది కూడా ఈ భవనం ముందే. విశాలంగా కూర్చునే వీలున్న చోటే జనం కలుస్తారని నా నమ్మకం. అంత చోటు లేని కాలేజీలో గొంతులు కూడా విడివిడిగానే ఉండిపోతాయి.

తార్నాకకు వచ్చేసరికి తలమీద మెట్రో. నాగోలు నుంచి వచ్చే ఈ లైను 2017 నవంబరులో మొదలైంది. పైన రైలు కోసం నిలబడాల్సింది కొద్ది నిమిషాలే. బస్సు కోసం చూసేవాళ్లంతా కింద ఉన్నారు. 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. కండక్టరు మిషను నుంచి జీరో టికెట్టు వస్తుంది. ఎంతోమంది ఆడవాళ్లను ఇల్లు కదిలించిన మంచి పని అది. వాళ్లు ఎదురుచూసే చోటు మాత్రం మారలేదు.

దారిలో ఒక బస్టాపులో సీటు చూశాను. పక్కపక్కనే రెండు స్టీలు పైపులు, అంతే. టేపు పెడితే లోతు ఏడంగుళాలు. సుఖంగా కూర్చోవాలంటే కనీసం పదిహేనుండాలి. పైగా ముందుకు వాలుగా ఉంది. చంటిబిడ్డతో వచ్చిన ఒకామె దానిమీద రెండుసార్లు జారి, లేచి వెళ్లి ఫుట్‌పాత్ అంచున కూర్చుంది. ఎవరూ అక్కడ పడుకోకూడదని అలా చేస్తారు. పడుకునేవాడి మీద కోపంతో పాలిచ్చే తల్లిని నిలబెట్టడం నాకు సమ్మతం కాదు. నా తోటి డిజైనర్లలో ఎవరో దాన్ని గీసే ఉంటారు.

తార్నాక చౌరస్తాలో ఫోను జేబులో పెట్టి, ఒక కాగితం మీద గీత గీశాను. పద్దెనిమిది అంగుళాల ఎత్తున, పదహారు అంగుళాల లోతున, వాన నీరు వెనక్కి జారిపోయేలా కొద్దిపాటి వాలుతో నాపరాయి గట్టు. పైన రేకు, ఒక చివర చక్రాల కుర్చీకి ఖాళీ. ఈ నెల గీయాల్సిన బస్టాపుల పనికి ఇదే పంపుతున్నాను. పైపులు చవక అంటారు. నాపరాయి మన తాండూరులోనే దొరుకుతుంది.