వెలుఁగని తెర

బెంగాల్ నాగపూర్ రైల్వే కాలమున వర్క్‌షాపు కొలువులకై ఆంధ్రదేశమునుండి తరలివచ్చిన కుటుంబముల సంతతి నేఁటికిని తెలుఁగు, బెంగాలీ, హిందీ కలగలిపి మాటలాడుకొను ఖరగ్‌పూరు గోల్‌బజారులో, క్రొత్త ర్యామ్ పలక యమర్చిన పిదప ఫ్యాను తిరుగుచుండియు తెర వెలుఁగని కంప్యూటరు ముందు దిగులుపడి కూర్చున్న మిత్రుని చెంత నొక సాయంకాలము గడపితిని. "మదర్‌బోర్డు పోయిందండీ" యని యాతఁడు తేల్చివేసెను. నిరాశకుఁ బరీక్షతోఁ బనిలేదు గదా!

ఫ్యాను తిరుగుట విద్యుత్తు వచ్చుచున్నదనుటకు మాత్రమే సాక్ష్యము. ర్యామ్ కుదురుకొననిచో యంత్రము తన తొలి స్వపరీక్షయే దాటఁజాలదు, తెరకుఁ బంపఁదగినదేదియు నుండదు. ప్లగ్గు తీసి, చేతిని లోహపుఁ బెట్టెకుఁ దాకించి, పలకను వెలికిఁ దీసితిమి. బంగారుపూఁత గల యంచున నొకవైపు రాపిడిగీత లోతుగాను, రెండవవైపు పైపైనను బడియుండెను: అనఁగా నొక కొన గాడిలో దిగనేలేదు. రెండు కొనలను సమముగా నదుమఁగా గొళ్లెము టక్కుమనెను.

తెర మఱల నల్లగనే యుండెను. క్రొత్త ర్యామును యంత్రము పరీక్షించి కుదుర్చుకొనుటకుఁ గొంత వ్యవధి కావలయును, డీడీఆర్5 రకమున నది నిమిషములకుఁ బోవచ్చును. ఆ వ్యవధిలోనే తొందరపడి యార్పువారు పెక్కురు. మిత్రుఁడు మీటవైపు చేయి చాఁచెను, పట్టి యాపితిని. తెర వెలిఁగిన పిమ్మట పాత పలకను గూడఁ బ్రక్కగాడిలోఁ జేర్తు ననెను. వేగములు వేఱైనచో రెండును మందగతినే యనుసరించునని చెప్పితిని, వినలేదు.