అమీర్‌పేటలో నా రేకు పెట్టె

మన హాస్టలు వార్షికోత్సవ సంచికకు పట్నం అనుభవాలు రాయమని తమ్ముళ్లు ఫోను చేశారు. ఉద్యోగం ఎలా తెచ్చుకున్నానో రాస్తానని వాళ్ల ఆశ. కానీ నేను రాయాల్సింది వేరే ఉంది.

డిగ్రీ అయ్యాక 2006లో కంప్యూటర్ కోర్సు కోసం హైదరాబాదు వచ్చాను. అప్పట్లో అమీర్‌పేట మైత్రీవనం చుట్టూ ఏ స్తంభం చూసినా జావా, ఒరాకిల్ కోచింగు కాగితాలు, వాటి మీదే బాయ్స్ హాస్టల్ కాగితాలు. ఎస్.ఆర్.నగర్ సందులో గది కుదిరింది. ఐదుగురం. భోజనంతో నెలకు 1,800, అడ్వాన్సు 1,000. పొద్దున ఆరు దాటితే బాత్రూం దగ్గర క్యూ, తొమ్మిది దాటితే టిఫిను ఉండదు. ఆదివారం కోడికూర, మనిషికి రెండే ముక్కలు. ఇవి మనకు కష్టాలా? వందమందికి నాలుగు కుళాయిల దగ్గర పెరిగినవాళ్లం.

మొదటి రోజే గదిలో "ఏ స్కూలు బాస్?" అని అడిగారు. నోటికొచ్చిన ప్రైవేటు స్కూలు పేరు చెప్పేశాను. హాస్టలంటే ఏ హాస్టలంటారు, ఆ తర్వాతి ప్రశ్న ఏమిటో మీకు తెలుసు. ఆరో తరగతిలో ఇచ్చిన రేకు పెట్టె నా వెంటే ఉంది. ముందువైపు తెల్ల పెయింటుతో మన హాస్టలు పేరు, కింద నా నంబరు 47. ఆ వైపు గోడకు తిప్పి మంచం కిందికి తోశాను. తాళం కూడా అటే కదా! ఎవరూ లేనప్పుడు బయటికి లాగి బట్టలు తీసుకునేవాణ్ణి.

డిసెంబరులో మన హాస్టలు తమ్ముడొకడు రైల్వే పరీక్ష కోసం వచ్చాడు. చేతిలో స్టీలు డబ్బా, మన వంట పెద్దమ్మ పంపిన కారప్పొడి. సంచి మంచం కిందికి తోయబోయి, "అన్నా, మన హాస్టలు పెట్టె! నంబరు చెరిగిపోలేదా?" అంటూ సంబరంగా లాగి తిప్పాడు. గదిలో ముగ్గురున్నారు. ఒకడు పెయింటు అక్షరాలు చదివి పుస్తకంలోకి తల దించుకున్నాడు.

తమ్ముణ్ణి మెట్ల మీదికి తీసుకెళ్లి, "గెస్టులను ఓనరు ఒప్పుకోడురా" అన్నాను. అబద్ధం. రోజుకు 50 కడితే ఎవరినైనా ఉండనిచ్చేవాడు. నా జేబులో 200 ఉన్నాయి. "ఫర్వాలేదన్నా, సికింద్రాబాద్ స్టేషన్లో పడుకుంటా, సెంటరూ అటే" అన్నాడు. బస్సెక్కించి వచ్చాను. నేను ఎనిమిదిలో ఉండగా కొత్తగా చేరి రాత్రంతా ఏడిస్తే నా దుప్పట్లో పడుకోబెట్టుకున్నది వీణ్ణే.

కారప్పొడి గదిలో అందరం తిన్నాం. తల దించుకున్నవాడే ఒక రాత్రి అన్నం కలుపుకుంటూ, "నేనూ గవర్నమెంటు హాస్టలే, బీసీ హాస్టలు" అన్నాడు. అప్పటికి పరీక్ష అయిపోయి వారం దాటింది.

తమ్ముడికి ఆ ఉద్యోగం రాలేదని తర్వాత తెలిసింది. చలికి నిద్రలేక రాలేదో, మరెందుకో, అడిగే ముఖం నాకు లేకపోయింది.

తమ్ముడూ, డబ్బా నా దగ్గరే ఉంది. ఈసారి వార్షికోత్సవానికి తెస్తాను, నువ్వూ రా. హైదరాబాదులో పరీక్షలకు వచ్చే పిల్లల కోసం నా ఫోను నంబరు వార్డెన్ సారుకు ఇచ్చాను. మా ఇంట్లో ముందు గది ఖాళీగానే ఉంటుంది.