కొల్హాపూరు ఎర్రమట్టి

మన సోలాపూరు నుంచి కొల్హాపూరు వెళ్ళేవారు సాధారణంగా మహాలక్ష్మి అమ్మవారి దర్శనం చేసుకుని, ఓ జత చెప్పులు కొనుక్కుని తిరిగి వచ్చేస్తారు. నేనూ అంతే. ఈ దీపావళి సెలవుల్లో మాత్రం మా అబ్బాయికి కుస్తీ చూపించాలనే వెళ్ళాను. కారణం లేకపోలేదు. టీవీలో కుస్తీలు చూసి మావాడు మా తమ్ముడి కొడుకును ఎత్తి పడేశాడు. పాపం, ఆ పిల్లవాడి చెయ్యి మూడు వారాలు కట్టులో ఉంది. ‘‘టీవీలో వాళ్ళకేమీ కాలేదు కదా నాన్నా!’’ అన్నాడు మావాడు. నాకు జవాబు తోచలేదు.

ముందు ఖాస్‌బాగ్ మైదానం చూశాం. శాహూ మహారాజు 1902లో ఐరోపా వెళ్ళినప్పుడు రోములో చూసిన ప్రాచీన క్రీడారంగం ఆయన మనసులో నిలిచిపోయిందట. ఆ తలపుతో కట్టించిన ఈ మైదానం 1912లో పూర్తయింది. పెద్ద గిన్నెలా ఉంటుంది. అడుగున గోదా, చుట్టూ పైకి లేచే వాలు. ఎక్కడ కూర్చున్నా ముందువాడి తల అడ్డురాదు.

ఆ రోజు పోటీలు లేవు. దగ్గరలోని ఒక తాలీముకు వెళ్ళాం. మన తాలీంఖానా, మన వస్తాదు, మాటలు కూడా అవే! పసుపు, మజ్జిగ, నూనె కలిపి తవ్విన ఎర్రమట్టి మెత్తగా ఉంది.

కుస్తీలో నాలుగు పద్ధతులని పహిల్వాన్లు చెబుతారు. బలంతో గెలిచేది భీమసేని, యుక్తితో గెలిచేది హనుమంతి, పట్టు బిగించి లొంగదీసేది జాంబవంతి, కీళ్ళు విరిచేది జరాసంధి. చివరిది నేటి పోటీల్లో నిషిద్ధం.

మట్టి కుస్తీలో ఎదుటివాడి వీపు నేలకు ఆనితేనే గెలుపు. మ్యాట్ మీద ఫ్రీస్టైల్‌లో మూడేసి నిమిషాల రెండు భాగాలు, పట్టుపట్టుకూ పాయింట్లు. గ్రీకో రోమన్‌లో నడుము కింద పట్టుకోకూడదు. బ్యాంకువాడి భాషలో చెప్పాలంటే మట్టిలో ఒక్కసారే ఖాతా పరిష్కారం, మ్యాట్ మీద నిమిషనిమిషానికీ జమాఖర్చు!

ఈ రెండింటినీ సాధించినవాడు ఖాశాబా జాధవ్. మట్టిలో పెరిగిన ఆయన 1948 లండన్ ఒలింపిక్స్‌లో మ్యాట్ మీద ఆరవ స్థానంలో నిలిచాడు. 1952లో హెల్సింకీ పంపడానికి కొల్హాపూరు రాజారాం కాలేజీ ప్రిన్సిపాల్ ఖర్డేకర్‌గారు తమ ఇల్లు తాకట్టు పెట్టి 7,000 రూపాయలు తెచ్చారు. జాధవ్ కాంస్యం తెచ్చాడు. స్వతంత్ర భారతానికి అదే తొలి వ్యక్తిగత ఒలింపిక్ పతకం. తాకట్టు వ్యవహారాలు ఎన్నో చూశాను గాని, ఇంత మంచి తాకట్టు చూడలేదు.

మావాడు టీవీలోని పట్టు ఒకటి నేర్పమన్నాడు. వస్తాదుగారు నవ్వి, ‘‘ముందు పడటం నేర్చుకో’’ అన్నారు. గడ్డం గుండెకు ఆనించి, తల నేలకు తగలకుండా ఎలా పడాలో అరగంట చేయించారు. తర్వాత, ‘‘టీవీలో వాళ్ళూ ఏళ్ళ తరబడి పడటం నేర్చుకున్నవాళ్ళే బాబూ. అక్కడ గెలుపు ముందే నిర్ణయమై ఉంటుంది. ఎత్తినవాడి అసలు పని, ఎదుటివాణ్ణి దెబ్బ తగలకుండా దించడం’’ అన్నారు.

నాకు తోచని జవాబు అదే. తిరుగు ప్రయాణంలో మావాడు పెద్దగా మాట్లాడలేదు. సోలాపూరులో బస్సు దిగాక మాత్రం, ‘‘ముందు బాబాయివాళ్ళింటికి వెళ్దాం నాన్నా’’ అన్నాడు.