టర్కీ ఉండలూ, అరగ్లాసు వైనూ

టర్కీ మాంసానికి సొంత రుచంటూ పెద్దగా లేదు. అమెరికాలో 20 ఏళ్లుగా ఉంటున్నా, థాంక్స్‌గివింగ్ నాడు ఎవరింట్లోనో మొహమాటానికి రెండు ముక్కలు తినడమే తప్ప దాన్ని మా వంటింట్లోకి రానివ్వలేదు. రెండేళ్ల క్రితం మా ఆయన గుండెకి స్టెంటు వేశారు. మేక మాంసం, వేపుళ్లు తగ్గించమన్నారు. ఆదివారం కైమా లేని ఇల్లెలా ఉంటుందో ఆ నెలంతా చూశాను. ఆయన పన్నెత్తి ఒక్క మాటా అనేవారు కాదు. అదే భరించలేకపోయాను. అలా వచ్చింది టర్కీ.

కొనేటప్పుడు పెట్టె మీది అక్షరాలు చదవాలి. ఉత్త ‘గ్రౌండ్ టర్కీ’ అని ఉంటే అందులో తొడ మాంసం, చర్మం కూడా ఉండొచ్చు. 15 శాతం కొవ్వున్న రకాలూ అమ్ముతారు. పేరు చూసి ఆరోగ్యం అనుకోవడానికి లేదు. ఒట్టి రొమ్ము మాంసమైతే కొవ్వు 1 శాతమే, కానీ ఉండ చేస్తే సుద్దముక్క. నేను 7 శాతంది తెస్తాను.

కొవ్వు తగ్గిన చోట తడి ఇంకెక్కణ్ణించైనా తేవాలి. ఒక పౌను కైమాకి పాలల్లో నానేసిన బ్రెడ్డు ముక్క, తురిమిన ఉల్లిపాయ, సన్నగా తరిగి మగ్గబెట్టిన పుట్టగొడుగులు, ఒక గుడ్డు. ఆపైన మన సరుకు: అల్లం వెల్లుల్లి, కొత్తిమీర, మిరియాలు, రెండు చెంచాల పుట్నాలపప్పు పొడి. తడి ఎక్కువైనా ఈ పొడి ఉండని నిలబెడుతుంది. మా అమ్మ కైమా ఉండలకి మాంసాన్ని రోట్లో జిగురొచ్చేదాకా నూరేది. టర్కీకి ఆ సేవ పనికిరాదు, ఎంత పిసికితే అంత రబ్బరు. వేళ్లతో పైపైన కలిపి, తడిచేత్తో చుట్టి, 400 డిగ్రీల ఫారన్‌హీట్ ఓవెన్లో పెడతాను. ఇరవై నిమిషాలంటారు గానీ నేను గడియారాన్ని నమ్మను. ఉండ మధ్యలో థర్మామీటరు గుచ్చితే 165 చూపించాలి. అది చూపించిన వెంటనే తీసెయ్యాలి, లేదంటే పాలూ పుట్టగొడుగులూ దండగ. తర్వాత టమాటా పులుసులో కాసేపు.

ఇక వైను. ఎర్ర వైన్లో టానిన్ అనే వగరు ఉంటుంది. వక్క నమిలితే నాలుక పట్టేస్తుందే, అలాంటిదే. కొవ్వున్న మాంసం పక్కన ఆ వగరు మెత్తబడుతుంది. టర్కీలో అంత కొవ్వు లేదు కాబట్టి కాబర్నే లాంటి గట్టి వైను దీనికి కుదరదు. ఓరెగన్‌లోని విల్లామెట్ లోయ పీనో నువార్‌కి వగరు తక్కువ, పులుపుదనం ఉంది. టమాటాతోనూ పుట్టగొడుగులతోనూ చక్కగా కలుస్తుంది. కారం ఎక్కువైతే మాత్రం ఆల్కహాలు ఆ మంటని ఇంకా ఎగదోస్తుంది. అప్పుడు కాస్త తీపి మిగిలిన రీస్లింగే దిక్కు.

పోయిన వేసవిలో తెనాలి నుంచి మా అత్తయ్య వచ్చారు. బల్ల మీద సీసా చూసి, “మందులేసుకునేవాడు మందు తాగొచ్చా, అమ్మాయ్?” అన్నారు. రెంటికీ మన భాషలో ఒకటే మాట. ఎర్ర వైను గుండెకి మంచిదని మా ఆయన ఏళ్లుగా చెబుతున్నారు. ఫ్రెంచివాళ్లు అంత వెన్న తిన్నా గుండెజబ్బులు తక్కువని 1991లో ఒక టీవీ కార్యక్రమం చెప్పాక ఇక్కడ చాలామంది నమ్మిన మాటే అది. 2023 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఎంత తక్కువైనా క్షేమమని చెప్పలేమని తేల్చేసింది. ఇవేవీ చదవకుండానే అత్తయ్య అడగాల్సింది అడిగారు.

డాక్టరునే అడిగేశాను. “ఆరోగ్యం కోసమని మాత్రం తాగొద్దు. రుచి కోసమైతే, మీ మాత్రల సంగతి చూసి చెబుతాను” అన్నాడాయన. చూసి, ఎప్పుడైనా కొంచెం అన్నాడు. ఇక్కడి లెక్కలో ఒక గ్లాసంటే 5 ఔన్సులు, దాదాపు 150 మిల్లీలీటర్లు. మా ఇంట్లో శనివారం రాత్రి అందులో సగం, అదీ అన్నంతోనే. నేనే కొలిచి పోస్తాను. ఆయన చూపు నా చెయ్యి మీదే ఉంటుంది. గుండెకి మంచిదనడం మానేశారు.

అత్తయ్య ఉండల్ని చారన్నంలో నంజుకుని, “బానే ఉన్నాయ్ గానీ కారం చాల్లేదు” అన్నారు. మరుసటి వారం పచ్చిమిరపకాయలు రెండు ఎక్కువేసి, రీస్లింగ్ తెచ్చాను.