ఎలా ఉన్నాను? ఎలా ఉంది?

శుక్రవారం మధ్యాహ్నం కువైట్ నుంచి ఫోటో ఒకటి వస్తుందండీ. అక్కడ పనిలో ఉన్న అమ్మాయి, కాస్త తీరిక దొరికిందని కిటికీ పక్కన నిలబడి తనని తాను తీసుకున్న ఫోటో. మన నగరం ఊళ్ళో ఉన్న చుట్టాల గ్రూపులో అది పడీ పడగానే మాటలు మొదలు. "చిక్కిపోయావేంటే?" "తిండి సరిగ్గా తింటున్నావా?" "రంగు తేలావే!" మధ్యలో నాలుగు గులాబీలు, రెండు దండాలు. చివరికి ఏ పెద్దమ్మో "దిష్టి తగులుద్ది, తీసెయ్యమ్మా" అంటుంది. సాయంత్రానికి ఫోటో ఉండదు.

మీరూ అలాంటి గ్రూపులో ఉండే ఉంటారు. మామిడికుదురు, నగరం, అప్పనపల్లి, రాజోలు... మన వైపు గల్ఫులో మనిషి లేని వీధి దొరకడం కష్టం. అందుకే మనకి సెల్ఫీ అంటే సరదా ఒక్కటే కాదు, క్షేమ సమాచారం కూడా. "చిక్కిపోయావ్" అన్న మాట వెనక ఉన్నది బెంగే, కాదనను. అయితే ఆ పిల్ల కిటికీ దగ్గరే ఎందుకు నిలబడింది, ముఖంలో సగాన్ని చీకట్లో ఎందుకు వదిలేసింది, ఎప్పుడూ నవ్వే మనిషి ఈసారి ఎందుకు నవ్వలేదు అన్నది ఎవరూ అడగలేదు. ఆమె చూపించింది ఒకటి, మనం చూసింది ఇంకోటి. ఈ పూట మీతో మాట్లాడాలనుకున్నది దాని గురించే.

తన ఫోటో తానే తీసుకున్న మనిషికి అభిప్రాయం చెప్పడం అంత తేలిక కాదు. పెళ్ళి ఫోటో చూసి "వెలుతురు సరిపోలేదయ్యా" అంటే ఫోటోగ్రాఫరు వింటాడు, పెళ్ళికూతురికేం పట్టదు. ఇక్కడ ఇద్దరూ ఒకరే. వెలుతురు గురించి అన్నా, ఫోకస్ గురించి అన్నా, ఆ మాట వెళ్ళి ముఖానికే తగులుతుంది. పైగా అడిగేవాళ్ళు కూడా రెండు ప్రశ్నల్ని కలిపేసి అడుగుతారు. "ఎలా ఉన్నాను?" అనేది ఒకటి. "ఎలా ఉంది?" అనేది ఇంకొకటి. మొదటిదానికి అమ్మ చెప్పాలి, స్నేహితురాలు చెప్పాలి. రెండోదానికి జవాబు ఫోటోని చూసి చెప్పాలి. అడిగింది ఏదో తేల్చుకోకుండా నోరు తెరిస్తే పుట్టేది ముఖస్తుతి, లేదంటే మనస్తాపం.

ఇంకో చిక్కు కూడా ఉంది. మన ముఖం మనకి తెలిసింది అద్దంలోంచి. కుడి ఎడమలు తారుమారైన ముఖం అది. లోకానికి తెలిసింది తిన్నగా ఉన్న ముఖం. 1977లో అమెరికాలో మీటా, డెర్మర్, నైట్ అనే ముగ్గురు పరిశోధకులు ఒకే మనిషి ఫోటోని మామూలుగా ఒకటి, అద్దంలోలా తిప్పి ఒకటి చూపించి, ఏది నచ్చిందని అడిగారు. ఫోటోలో ఉన్నవాళ్ళు ఎక్కువగా అద్దం బొమ్మని ఎంచుకున్నారు. వాళ్ళ స్నేహితులు మామూలు బొమ్మని ఎంచుకున్నారు. ఎవరి కంటికి అలవాటైంది వాళ్ళకి నచ్చిందన్నమాట. కాబట్టి "ఇంత బావుంటే నీకెందుకు నచ్చలేదే?" అని వాదనకి దిగకండి. మీరిద్దరూ ఎరిగిన ముఖాలు వేరు.

దూరం సంగతీ చెప్పాలి. చెయ్యి చాచి ఫోనుతో తీస్తే ముక్కు పెద్దదిగా పడుతుంది. 12 అంగుళాల దూరం నుంచి తీసిన ఫోటోలో ముక్కు, ఐదడుగుల దూరం నుంచి తీసినదానికంటే దాదాపు 30 శాతం వెడల్పుగా కనిపిస్తుందని 2018లో అమెరికా వైద్యులు లెక్కగట్టి ప్రచురించారు. సెల్ఫీలు చూసుకుని ముక్కుకి ఆపరేషన్ చెయ్యమని వచ్చేవాళ్ళకి ఈ సంగతి తెలియాలని వాళ్ళ తాపత్రయం. "ముక్కు లావుగా వచ్చింది" అంటే విన్న పిల్ల ఏం చేస్తుంది, కుమిలిపోతుంది. "ఫోను ఎక్కడైనా ఆనించి, నాలుగడుగులు వెనక్కెళ్ళి టైమరు పెట్టు" అంటే మళ్ళీ తీస్తుంది. రెండు మాటలూ పుట్టింది ఒకే లోపం చూసి.

ఈమధ్య మా మేనకోడలు ఓ ఫోటో చూపించింది. వసారాలో స్తంభానికి ఆనుకుని కూర్చుంది. ఫోనుని ఇత్తడి బిందెకి ఆనించి, పది సెకన్ల టైమరు పెట్టుకుంది. పెరట్లోంచి కొబ్బరాకుల నీడ చారలు చారలుగా ముఖం మీద పడింది. ఒక కన్ను వెలుగులో ఉంది, ఒక కన్ను నీడలో ఉంది. ఎవరికైనా ముందు నోటికొచ్చే మాట "మొహమ్మీద నీడ పడిందే" అని.

"ఈ నీడ కావాలనే పెట్టుకున్నావా?" అని అడిగాను.

"ఆయ్, అవునత్తా. ఎండ ఆ మూలకి వచ్చేదాకా కూర్చున్నాను."

"మంచిదే. కానీ నా కన్ను ముందు నీడ మీదికి వెళ్ళలేదు. నీ వెనక తాడు మీద ఆరేసిన ఎర్ర తువ్వాలు మీదికి వెళ్ళింది."

ఫోను లాక్కుని చూసుకుంది. "అమ్మో, అదసలు నేను చూడనే లేదు!" మర్నాడు తువ్వాలు తీసేసి, అదే వేళకి, అదే చోట మళ్ళీ కూర్చుంది. ఈసారి ఆ నీడలోని కన్ను నన్ను చాలాసేపు వదల్లేదు.

"నా కన్ను ఇక్కడికి వెళ్ళింది" అంటే ఎవరూ నొచ్చుకోరండీ. అది వాళ్ళ ముఖం మీద తీర్పు కాదు, మన చూపు గురించి మనం చెప్పే సమాచారం. తీసుకుంటారా, వదిలేస్తారా, వాళ్ళిష్టం.

"కావాలనే చేశావా?" అన్న ప్రశ్న ఎంత అవసరమో బయార్ సంగతి వింటే తెలుస్తుంది. ఇప్పోలిట్ బయార్ ఫ్రాన్స్ దేశస్థుడు. ఫోటో తీసే పద్ధతి ఒకటి సొంతంగా కనిపెట్టాడు. ప్రభుత్వం మాత్రం పేరూ పెన్షనూ ఇంకో పద్ధతి కనిపెట్టిన డాగేర్‌కి ఇచ్చి ఈయన్ని సరిగా పట్టించుకోలేదు. ఆ బాధతో 1840లో తనని తాను నీట మునిగి చనిపోయిన శవంలా కూర్చోబెట్టుకుని ఫోటో తీసుకున్నాడు. ఒళ్ళు తెల్లగా, ముఖమూ చేతులూ నల్లగా పడ్డాయి. ఇవాళ మనకి చూపిస్తే "ముఖం నల్లగా వచ్చింది, మళ్ళీ తియ్యి" అనేస్తాం. ఆయన ఫోటో వెనక రాసుకున్న మాటల ప్రకారం ఆ నలుపు శవం పాడవుతోందనడానికి గుర్తు. మనం లోపమనుకునేదే ఆయన చెప్పదలచుకున్న సంగతి.

ఇలా అడిగి తెలుసుకోవడానికి చోటిస్తూ, లిజ్ లెర్మన్ అనే అమెరికన్ నృత్య దర్శకురాలు 1990లో కళాకారులకి అభిప్రాయాలు చెప్పే పద్ధతి ఒకటి రూపొందించారు. చూసినవాళ్ళు ముందు తమ మనసుకి తగిలిందేమిటో చెబుతారు. తర్వాత కళాకారుడు తన సందేహాలు అడుగుతాడు. ఆపైన చూసినవాళ్ళు ప్రశ్నలు వేస్తారు, వాటిలో మెచ్చుకోలూ తప్పుపట్టడమూ దాగి ఉండకూడదు. అన్నీ అయ్యాక "ఫలానా దాని మీద నాకో అభిప్రాయం ఉంది, చెప్పమంటారా?" అని అడుగుతారు. వద్దంటే ఊరుకుంటారు. ఆ ఆఖరి మెట్టు నాకెంతో నచ్చింది. మనం అభిప్రాయంతోనే మొదలుపెడతాం కాబట్టి మనకే అది ఎక్కువ అవసరం.

ఇక చూపించేవాళ్ళకి రెండు ముక్కలు. "ఎలా ఉంది?" అని గాల్లోకి వదలకండి. "ఇందులో నేను అలిసిపోయినట్టున్నానా, దిగులుగా ఉన్నానా?" అని అడగండి, పనికొచ్చే జవాబు వస్తుంది. ఎదుటివాళ్ళు చెబుతుంటే మధ్యలో సంజాయిషీ చెప్పకండి. ఫోటో వెళ్ళిన ప్రతిచోటికీ మీరు వెళ్ళి వివరించలేరు కదా. ముగ్గురు ఒకేచోట తడబడితే అక్కడ ఏదో ఉంది, మళ్ళీ చూసుకోండి. అన్నీ చూపించి తీరాలనీ లేదు. చిత్రకారిణి అమృతా షేర్‌గిల్ తండ్రి ఉమ్రావ్ సింగ్ షేర్‌గిల్ దాదాపు అరవై ఏళ్ళపాటు, పడుచుతనం నుంచి తెల్లగడ్డం దాకా, తనని తాను ఫోటో తీసుకుంటూనే వచ్చారు. ఏ మెప్పు కోసమూ తీసినట్టుండవు ఆ ఫోటోలు.

"రంగు తేలావే" అన్న మాట మాత్రం దయచేసి మానెయ్యండి. చాలా ఫోన్లలో బ్యూటీ మోడ్ మనం అడక్కుండానే చర్మాన్ని నునుపు చేసి తెల్లబరుస్తుంది. 2020లో గూగుల్ తన పిక్సెల్ ఫోన్లలో ఈ దిద్దుబాటుని మొదట్నుంచీ ఆపే ఉంచుతామని ప్రకటించింది కూడా. ఆ తెలుపుని మెచ్చుకుంటే మీరు మెచ్చుకున్నది ఫోనుని. పిల్లకి అర్థమయ్యేది మాత్రం తన అసలు రంగు సరిపోలేదని.

మన నగరంలో ఒంటి గురించి అనే ఏ మాటకైనా ఇంకా బరువుంది. 2014 జూన్ 27 తెల్లవారుజామున గెయిల్ గ్యాస్ పైపులైను పేలి మంటలు ఇళ్ళని చుట్టేశాయి. 20 మందికి పైగా పోయారు, ఎందరో ఒళ్ళు కాలి ఆసుపత్రుల పాలయ్యారు. ఒంటిమీద కాలిన మచ్చ ఉన్న మనిషి తన ఫోటో తానే తీసుకుని మీ చేతికిస్తే "అయ్యో" అనకండి. "ఇటు తిరిగి ఉంటే కనపడేది కాదు" అని అసలే అనకండి. ఏ వైపు చూపించాలో తేల్చుకున్నాకే ఆ మనిషి కెమెరా ముందు కూర్చున్నారు. వెలుతురు గురించి, చూపు గురించి, వెనకున్న తువ్వాలు గురించి, అందరితో మాట్లాడినట్టే మాట్లాడండి.

ఒక్క పని చేసి పెట్టండి. మీ ఇంట్లో ఎవరైనా శ్రద్ధగా తీసుకున్న ఫోటో ఉంటే అమలాపురంలోనో రాజోలులోనో ప్రింటు వేయించండి. చేతిలో ఫోను ఉంటే వేలు తర్వాతి ఫోటో మీదికి జారిపోతుంది. కాగితాన్ని బల్ల మీద పెట్టుకుని, తీసినవాళ్ళని పక్కన కూర్చోబెట్టుకుని, తీరిగ్గా చూసి, అప్పుడు మాట్లాడండి.