సజాతి పదాలు

మా నాన్నగారికి మూడేళ్లకోసారి బదిలీ అవుతుంది. అందుకే బీజగణితం నాకు పుస్తకంలో కన్నా సామాను సర్దేటప్పుడే బాగా అర్థమైంది.

తేజ్‌పూర్ నుంచి జోధ్‌పూర్ వచ్చేటప్పుడు ఒక్కో పెట్టెలో పట్టే పుస్తకాల సంఖ్యను ‘పు’ అనీ, గిన్నెల సంఖ్యను ‘గి’ అనీ అనుకున్నాను. మొదటి రోజు 4 పుస్తకాల పెట్టెలు, 3 గిన్నెల పెట్టెలు కట్టాం. మర్నాడు ఇంకో 2 పుస్తకాల పెట్టెలు కట్టాం. ఇంతలో అమ్మ ఒక గిన్నెల పెట్టెను పక్కింటివాళ్లకు ఇచ్చేసింది. మొత్తం వస్తువులు 4పు + 3గి + 2పు − గి.

సజాతి పదాలను కలిపితే ఇది 6పు + 2గి అవుతుంది. పెట్టెకు 20 పుస్తకాలు, 12 గిన్నెలు అనుకుంటే రెండు విధాలా 144 వస్తుంది. సూక్ష్మీకరించడమంటే విలువ మారకుండా చిన్నగా రాయడమే.

మరి 6పు + 2గి ని 8పుగి అని ఇంకా చిన్నగా రాయొచ్చా? అలా రాస్తే 8 × 20 × 12, అంటే 1920 వస్తువులు. లారీ కూడా చాలదు! విజాతి పదాలు పక్కపక్కన ఉంటాయి కానీ ఒకటిగా కలవవు.

ఈ నియమం చాలా పాతది. భాస్కరాచార్యుడు 1150 ప్రాంతంలో రాసిన ‘బీజగణితం’లో తెలియని రాశులకు యావత్తావత్, కాలకం, నీలకం వంటి పేర్లున్నాయి. కాలకమంటే నలుపు, నీలకమంటే నీలం. వాటిని పొట్టిగా యా, కా, నీ అని రాసేవారు. ఒకే జాతివాటిని కలపాలి, వేరు జాతివాటిని వేరుగానే ఉంచాలి అని ఆయన చెప్పాడు.

బదిలీ వచ్చినప్పుడల్లా పెద్దవాళ్లు “అక్కడా స్నేహితులు దొరుకుతారులే” అంటారు. నిజమే, దొరుకుతారు. కానీ వానలో ఒకే గొడుగు కింద నాతో బడికి నడిచి, దారిలో అస్సామీ మాటలు నేర్పిన అమ్మాయి వేరు. ఇక్కడ ఎండలో నాకోసం గేటు దగ్గర నిలబడే అమ్మాయి వేరు. ఒకరు పోయి ఒకరు వచ్చారు కాబట్టి లెక్క సరిపోయిందంటే నేను ఒప్పుకోను.

ఈ మాట అక్కతో అంటే, “ఇద్దరి మధ్యా ప్లస్ గుర్తు పెట్టుకో, చాలు” అంది.

ఇప్పుడు అలాగే చేస్తున్నాను. తేజ్‌పూర్‌కు ఉత్తరాలు రాస్తున్నాను, జవాబులు వస్తున్నాయి. వచ్చే బదిలీకి నా సమాసంలో ఇంకో పదం చేరుతుంది. ఊరూరికీ అది పొడుగవుతుంది. అవనీ, దాన్ని ఇంతకన్నా సూక్ష్మీకరించడం కుదరదు.