వడదెబ్బ: 108 వచ్చేలోగా మనం చేయవలసినది

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని పెద్దలు అనేవారు. ఆ మాటకు జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతాలవారు ఏటా సాక్షులే. ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లాలో చేరిన ఈ మెట్ట నేల ఒకప్పటి కృష్ణా జిల్లాకు పడమటి అంచు. సముద్రపు చల్లగాలి ఇంత దూరం రావడం అరుదు. సున్నపురాతి నేల పగలంతా కాగి, రాత్రి కూడా సెగలు కక్కుతుంది. పడమటి పొడిగాలికి చెమట పట్టిన వెంటనే ఆరిపోతుంది. అందువల్ల ఒంట్లోని నీరు ఎంత పోయిందో మనిషికి తెలియదు. "నాకు చెమటే పట్టలేదు, నీళ్ళెందుకు?" అనేవారిని నేను వందలమందిని చూశాను.

నా ఉద్యోగపు తొలి సంవత్సరాలలో జరిగిన ఒక సంఘటన చెబుతాను. ఈ ప్రాంతంలోని ఒక చిన్న ఆసుపత్రిలో పనిచేస్తున్నాను. ఒక మే నెల మధ్యాహ్నం, మిరప కల్లంలో బస్తాలకెత్తుతున్న కూలీని ఎడ్లబండిలో తెచ్చారు. ఒళ్ళు కాలిపోతోంది, పొంతనలేని మాటలు మాట్లాడుతున్నాడు. జ్వరమనుకొని ఇంటివారు దుప్పటి కప్పారు. థర్మామీటరులో 107 డిగ్రీలు. మలేరియా మెదడుకెక్కిందేమోనని రక్తపరీక్షకు పంపి, జ్వరానికి ఇంజెక్షను ఇచ్చి, సెలైను ఎక్కించాను. ఆ దుప్పటి తీసి నీళ్ళు పోయాలన్న ఆలోచన నాకు వచ్చేసరికి అరగంట దాటింది. ఆసుపత్రి ఆవరణలోనే నిండుగా నీళ్ళున్న బావి ఉంది. ఆ రాత్రి అతను చనిపోయాడు. వెంటనే చల్లబరిచి ఉంటే తప్పక బ్రతికేవాడని చెప్పలేను. కాని ఆ అరగంట నేను పోగొట్టినదే. ఈ వ్యాసం వ్రాయడానికి కారణం అదే.

జ్వరం వేరు, వడదెబ్బ వేరు. జ్వరంలో శరీరమే తన ఉష్ణోగ్రతను పెంచుకుంటుంది, మాత్ర వేస్తే తగ్గుతుంది. వడదెబ్బలో శరీరం వేడిని బయటకు పంపలేక ఓడిపోతుంది. అక్కడ పారాసిటమాల్ పనిచేయదు. లోపలి వేడి 40 డిగ్రీల సెల్సియస్ దాటితే మెదడు, మూత్రపిండాలు, కాలేయం దెబ్బతినడం మొదలవుతుంది. ఎంతసేపు ఆ వేడిలో ఉంటే అంత నష్టం.

ఎండలోగాని, రేకుల ఇంట్లోగాని ఉన్న మనిషి ఒళ్ళు కాలుతూ, తికమకగా మాట్లాడినా, తూలినా, మూర్ఛపోయినా వడదెబ్బగానే భావించండి. చెమట పడుతున్నదని ధైర్యపడవద్దు. కాయకష్టం చేసేవారికి చెమట పడుతుండగానే వడదెబ్బ తగలవచ్చు. 108కు ఫోను చేయండి. వాహనం వచ్చేదాకా చేతులు కట్టుకొని కూర్చోకండి. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్ళంతా నీళ్ళు పోసి విసరండి. మంచు దొరికితే గుడ్డలో చుట్టి మెడమీద, చంకలలో, గజ్జలలో ఉంచండి. స్పృహ సరిగా లేనివారి నోట్లో నీళ్ళు పోయకండి, ఊపిరితిత్తులలోకి పోతాయి.

2003లోను, 2015లోను వడగాడ్పులకు తెలుగునాట ప్రతిసారీ వేయిమందికి పైగా మరణించారు. వారిలో అధికులు కూలీలు, వృద్ధులు. కనుక పొలం పని తెల్లవారుజామున మొదలుపెట్టి పదకొండు గంటలలోపు ముగించండి. దాహం వేయకముందే నీళ్ళు త్రాగండి. ఉప్పు కలిపిన పలుచని మజ్జిగ మంచిది. లీటరు నీటిలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, తలకొట్టి కొలిచి కలిపినా సరిపోతుంది. గుండె, మూత్రపిండాల జబ్బులున్నవారు, మూత్రం ఎక్కువగా వచ్చే మాత్రలు వాడేవారు నీరు, ఉప్పు ఎంత తీసుకోవాలో వైద్యుని అడగండి. మాత్రలు మీ అంతట మీరు మానవద్దు. గదిలో వేడి 40 డిగ్రీలు దాటితే ఫ్యాను ఒక్కటే చాలదు, అది వేడిగాలినే మీమీదికి తోస్తుంది. ఒళ్ళు తడుపుకొని దాని క్రింద కూర్చోండి.

మీ వీధిలో ఒంటరిగా ఉండే ముసలివారి తలుపు మధ్యాహ్నం ఒకసారి తట్టండి. వడదెబ్బ తగిలినవారు తమకు బాగాలేదని చెప్పుకోలేరు. ఆ సంగతి గుర్తించవలసినది ప్రక్కనున్న మనమే. బిందెడు నీళ్ళు, ఒక విసనకర్ర ప్రతి ఇంట్లోనూ ఉంటాయి. ఆనాడు నేను చేసిన ఆలస్యం మీరు చేయకండి.